తెల్లబట్టకు వాష్ ఎందుకు, గర్భసంచి ఆపరేషన్ ఎందుకు?

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ ఒక విషయంలో దేశంలోకెల్లా ముందు నిలిచింది. 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తమ్మీద నూటికి 3.2 మంది ఉంటే, మన రాష్ట్రంలో 8.9 మంది తేలారు. దేశవ్యాప్తంగా ఆ ఆపరేషన్ అయినవాళ్ళలో సగం మందికి 34 ఏళ్ళ లోపే అది జరిగిపోయింది.

కారణాల కింద ఎక్కువగా నమోదైనవి అధిక రక్తస్రావం, నొప్పి, గడ్డలు. అవి నిజమైన జబ్బులే, కాదనలేం. కానీ గుంటూరు, కృష్ణా జిల్లాల్లో గర్భసంచి తీయించుకున్న పిన్నినో అత్తనో కూర్చోబెట్టి మొదటినుంచీ చెప్పమనండి. చాలామంది మాట తెల్లబట్ట దగ్గరే మొదలవుతుంది. "ఎప్పుడూ తడిగా ఉండేదమ్మా, నడుం లాగేది, నీరసం. చూపిస్తే గర్భసంచి మూతికి పుండు పడింది, వదిలేస్తే క్యాన్సర్ అవుతుంది, తీసేయాలన్నారు." పిల్లలు పుట్టేశారు, పాతికేళ్ళ లోపే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కూడా అయిపోయింది, ఇక ఆ సంచితో పనేముందిలే అని ఇంట్లోవాళ్ళూ తలూపుతారు.

మందుల షాపులో అమ్మే ఇంటిమేట్ వాష్ సీసాకూ ఈ ఆపరేషన్‌కూ ఏమిటి సంబంధం అనిపించవచ్చు. రెండిటి వెనకా ఉన్నది ఒకటే నమ్మకం. ఆ చోటు పుట్టుకతోనే మురికిదనీ, అక్కడినుంచి వచ్చే తడి అంతా జబ్బేననీ. కొందరు కడిగి వదిలించుకోవాలని చూస్తారు, కొందరు కోయించి వదిలించుకుంటారు. నిజంగా జబ్బు వచ్చినప్పుడు నోరు విప్పకుండా చేసేదీ ఆ నమ్మకమే. అందుకే రోజూ ఎలా శుభ్రంగా ఉండాలన్న చిన్న విషయాన్ని అక్కడిదాకా తీసుకెళ్ళి మాట్లాడుకోవాలి.

లోపల జరిగేది

ముందు బయటి భాగం వేరు, లోపలి భాగం వేరు అన్నది స్పష్టం కావాలి. పైకి కనిపించే యోని పెదవులు, వెంట్రుకలు, గజ్జలు చర్మమే. చెమట పడుతుంది, నూనె ఊరుతుంది, మిగతా ఒంటిలాగే కడుక్కోవాలి. లోపలి యోనిమార్గం అలాంటిది కాదు. దాన్ని కడగాల్సిన పని మనది కాదు, అది తనను తాను శుభ్రం చేసుకుంటుంది.

ఎలాగంటే, పెద్దమనిషి అయినప్పటినుంచి నెలసరి ఆగిపోయే వరకు ఈస్ట్రోజన్ హార్మోన్ ప్రభావంతో యోని గోడల కణాల్లో గ్లైకోజెన్ అనే పిండి పదార్థం నిల్వ ఉంటుంది. దాన్ని ఆధారం చేసుకుని లాక్టోబాసిల్లస్ జాతి సూక్ష్మజీవులు అక్కడ కాపురం ఉంటాయి. పాలను పెరుగు చేసేవాటికి ఇవి దగ్గరి చుట్టాలు. పెరుగులో పుల్లదనం ఎలా వస్తుందో ఇక్కడా అలాగే లాక్టిక్ ఆమ్లం తయారవుతుంది. ఆ పులుపు వల్ల లోపలి పీహెచ్ (పులుపును కొలిచే అంకె, అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 3.8 నుంచి 4.5 మధ్య ఉంటుంది, హాని చేసే సూక్ష్మజీవులు చాలావరకు అందులో పెరగలేవు. 1892లోనే జర్మన్ వైద్యుడు ఆల్బర్ట్ డోడర్లీన్ ఈ జీవులను వర్ణించాడు. అంటే ఈ సంగతి తెలిసి 130 ఏళ్ళు దాటింది. మన ఇళ్ళకే ఇంకా చేరలేదు. (చుట్టాలన్నాను కదా అని పెరుగు లోపల రాసుకోవద్దు. పెరుగులోవి వేరే రకాలు, అక్కడ నిలదొక్కుకోలేవు.)

ఇక తెల్లబట్ట. యోని గోడలనుంచి రాలే పాత కణాలు, గర్భాశయ ముఖద్వారంలో ఊరే జిగురు, కొంత నీరు కలిసి బయటికి వచ్చేదే అది. లోపలి భాగం శుభ్రపడే పద్ధతే ఇది. రోజుకు ఒకటి నుంచి నాలుగు మిల్లీలీటర్ల వరకు రావడం మామూలు. నెలంతా ఒకేలా ఉండదు కూడా. నెలసరి అయిన కొద్ది రోజులకు తక్కువగా ఉంటుంది, అండం విడుదలయ్యే రోజుల్లో గుడ్డు తెల్లసొనలాగా పలచగా, తీగ సాగేట్టు వస్తుంది, తర్వాత చిక్కబడుతుంది. గర్భిణులకు ఎక్కువ. ఆడపిల్లలకు మొదటి నెలసరికి ఆరు నెలలనుంచి ఏడాది ముందే కనిపించడం మొదలవుతుంది. ఆ వయసు పిల్ల లోదుస్తుల మీద మరక చూసి కంగారుపడే తల్లులు చాలామంది. పిల్లకు చెప్పాల్సింది ఒక్కటే, "ఇది మామూలే నాన్నా, ఇంకొన్నాళ్ళకు నీకు డేట్ వస్తుందన్నమాట."

ఎముకలు కరిగి తెల్లబట్టగా పోతాయన్న మాట మన వైపు ఇప్పటికీ వినిపిస్తుంది. ఎముకకూ దీనికీ ఏ సంబంధమూ లేదు. నడుం నొప్పి, నీరసం ఉన్న మనిషి రక్తహీనత ఉందేమో, థైరాయిడ్ ఉందేమో, రోజుకు ఎన్ని గంటలు వంగి పనిచేస్తుందో చూసుకోవాలి. "వేడి చేసింది" అని సబ్జా గింజలు తాగడం వల్ల నష్టం లేదు. అసలు కారణం వెతకడం అక్కడితో ఆగిపోవడమే నష్టం.

సీసాలు, ఆకులు, డెటాల్

ఒంటికి రాసుకునే సబ్బు పీహెచ్ సాధారణంగా 9, 10 దాకా ఉంటుంది. దాన్ని లోపలికి పోనిస్తే ఆ పులుపు విరిగిపోతుంది, లాక్టోబాసిల్లస్ తగ్గుతుంది, ఆ ఖాళీలోకి వేరే బ్యాక్టీరియా చేరుతుంది. అప్పుడు వాసన వస్తుంది. వాసన వస్తోందని ఇంకాస్త గట్టిగా కడుగుతారు. డెటాల్, సావ్లాన్ కలిపిన నీళ్ళు మరీ ప్రమాదం. కాన్పు తర్వాత కుట్లు పడ్డ బాలింతలకు ఆ నీళ్ళతో కడగడం మన ఇళ్ళల్లో ఆచారంలాగా అయిపోయింది. కుట్లకు కావాల్సింది మామూలు నీళ్ళు, మెత్తటి గుడ్డతో అద్ది ఆరబెట్టుకోవడం, తరచూ ప్యాడ్ మార్చుకోవడం. వేపాకు కాచిన నీళ్ళు బయట పోసుకుంటే పోసుకోండి, లోపలికి వద్దు. పటిక అసలే వద్దు. బిగుతు వస్తుందని వాడే ఆ పటిక లోపలి పొరను ఎండబెట్టి పగుళ్ళు తెస్తుంది. నీళ్ళను ఒత్తిడితో లోపలికి కొట్టి కడిగే అలవాటున్న వాళ్ళలో ఇన్ఫెక్షన్లు ఎక్కువని, అవి గర్భసంచికీ గర్భనాళాలకూ పాకే అవకాశం పెరుగుతుందని అధ్యయనాలు చెబుతున్నాయి. హెల్త్ ఫాసెట్ వాడేవాళ్ళు ధార నేరుగా లోపలికి తగలకుండా చూసుకుంటే చాలు.

మరి లాక్టిక్ ఆమ్లం కలిపిన వాష్‌ల సంగతి? వాటి పీహెచ్ తక్కువే, సబ్బంత చెడు చేయవు. బయటి వాడకానికి మాత్రమే అని సీసా మీదే ఉంటుంది. బయటి చర్మానికి మామూలు నీళ్ళే సరిపోతాయి, మరీ కావాలంటే సువాసన లేని మెత్తటి సబ్బు. అంటే ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఆ సీసా అవసరమే లేదు. నాకు అభ్యంతరం సీసా మీద కన్నా దాన్ని అమ్మడానికి వాడే మాటల మీద. "రోజంతా తాజాగా" అని పదహారేళ్ళ పిల్లకు చెప్పడమంటే, అది లేకపోతే నువ్వు తాజాగా లేవని చెప్పడమే కదా. సెంటు కలిపిన వైప్స్, స్ప్రేలు, సెంటు ప్యాడ్లు ఇంకో మెట్టు. వాటిలోని సువాసన రసాయనాలకు అక్కడి చర్మం దురద, ఎర్రదనం తెచ్చుకుంటుంది, అది చూసి ఇన్ఫెక్షన్ అనుకుని మళ్ళీ కడుగుతారు.

రోజుకు ఒకటి రెండుసార్లు చేతి వేళ్ళతో, నీళ్ళతో, ముందునుంచి వెనక్కి కడుక్కుని తుడుచుకుంటే బయటి శుభ్రం అయిపోయినట్టే. వెంట్రుకలు తీయడం శుభ్రతకు అవసరం కాదు, ఇష్టం మాత్రమే. తీయాలనుకుంటే కత్తెరతో పొట్టిగా కత్తిరించుకోవడం మేలు. బ్లేడుతో గాట్లు పడతాయి, కురుపులు లేస్తాయి. హెయిర్ రిమూవల్ క్రీములు అక్కడ మంట పెడతాయి.

ఎప్పుడు జబ్బు

ఎంత తడి వస్తోందన్నదాని కంటే, మీకు అలవాటైన దానికి భిన్నంగా ఏం కనిపిస్తోందన్నది ముఖ్యం. ఎక్కువగా కనిపించేవి మూడు.

మొదటిది బ్యాక్టీరియల్ వెజైనోసిస్. లాక్టోబాసిల్లస్ తగ్గి వేరే బ్యాక్టీరియా పెరిగితే వస్తుంది. పలచగా, బూడిద రంగులో, నీచు వాసనతో ఉంటుంది, కలయిక తర్వాత వాసన పెరుగుతుంది. దురద పెద్దగా ఉండదు. గర్భిణుల్లో దీనికి నెలలు నిండకుండా కాన్పు కావడంతో సంబంధం ఉంది కాబట్టి చిన్నదని వదిలేయకూడదు. రెండోది క్యాండిడా అనే శిలీంధ్రం, జనం ఈస్ట్ ఇన్ఫెక్షన్ అంటారు. విరిగిన పాల ముక్కల్లాంటి తెల్లబట్ట, నిద్ర పట్టనంత దురద, మంట. జీవితంలో ఒక్కసారైనా ఇది వచ్చేవాళ్ళు నూటికి 75 మంది దాకా ఉంటారని అంచనా, అంటే ఇందులో సిగ్గుపడేదేమీ లేదు. మూడోది ట్రైకోమొనియాసిస్. పసుపు, ఆకుపచ్చ కలిసిన రంగులో నురగ నురగగా వస్తుంది. కలయిక వల్ల వచ్చేది, కాబట్టి భర్తకు కూడా అదేసారి మందులు పడాలి. ఆమె ఒక్కతే మింగితే నెల తిరక్కుండా మళ్ళీ వస్తుంది.

ఈ మూడింటికీ ఒకే మందు పనిచేయదు. బ్యాక్టీరియాకు ఇచ్చే మాత్ర శిలీంధ్రాన్ని ఏమీ చేయదు, పైగా యాంటీబయాటిక్ వాడాకే చాలామందికి ఈస్ట్ మొదలవుతుంది. కిందటిసారి రాసిన చీటీనే చూపించి విజయవాడ సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో మందుల షాపులో మళ్ళీ తెచ్చుకోవడం అందుకే పనిచేయదు. డాక్టర్ స్పెక్యులం అనే పరికరంతో లోపలి భాగాన్ని తెరిచి చూస్తారు, తడిని ఒక కాగితం పట్టీకి అద్ది పీహెచ్ చూడవచ్చు, ఒక చుక్క గాజు పలక మీద వేసి మైక్రోస్కోపు కింద పెట్టవచ్చు. పెద్ద ఖర్చుండదు, కొన్ని నిమిషాల పని. ఇది చేయకుండా చీటీ రాస్తుంటే, "ఒకసారి లోపల చూస్తారా డాక్టరుగారూ" అని అడగండి. అడగడం తప్పు కాదు.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో వీటికోసం సురక్ష క్లినిక్‌లు ఉన్నాయి. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ పథకం కింద అక్కడ లక్షణాన్ని బట్టి రంగుల కిట్లలో మందులు ఉచితంగా ఇస్తారు. తెల్లబట్టకు ఇచ్చే ఆకుపచ్చ కిట్‌లో బ్యాక్టీరియా, ట్రైకోమొనాస్‌లకు సెక్నిడజోల్, శిలీంధ్రానికి ఫ్లుకొనజోల్ రెండూ ఉంటాయి. ల్యాబ్ లేని చోట ఈ పద్ధతి చాలామందిని ఆదుకుంది. దీని లోటు కూడా తెలిసిందే. జబ్బు లేని తెల్లబట్టకూ మందు పడిపోతుంది, గర్భాశయ ముఖద్వారంలో లక్షణాలు లేకుండా దాక్కునే, కలయిక వల్ల వచ్చే క్లమీడియా, గనేరియా మాత్రం దొరక్కుండా పోతాయి. అవి గర్భనాళాలను మూసేసి పిల్లలు పుట్టకుండా చేయగలవు. ఎయిడ్స్ మాట వినపడగానే ఆ క్లినిక్ గుమ్మం తొక్కడానికి జంకేవాళ్ళున్నారు. అక్కడికి వెళ్ళే గృహిణులు చాలామంది మామూలు దురదతో వెళ్ళేవాళ్ళే.

ఈస్ట్ ఏడాదిలో మూడుసార్లు, అంతకంటే ఎక్కువ వస్తే షుగర్ పరీక్ష చేయించుకోవాలి. మధుమేహం మొదట ఇలా బయటపడేవాళ్ళు ఉన్నారు. ఇప్పటికే షుగర్ ఉన్నవాళ్ళు మాత్రల పేర్లు ఒకసారి చూసుకోండి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే మందులు రక్తంలో చక్కెరను మూత్రంలోకి పంపించి పనిచేస్తాయి. డాపాగ్లిఫ్లోజిన్ పేటెంట్ 2020లో ముగిశాక చవక రకాలు వచ్చాయి, మన ఊళ్ళల్లో ఇవి వాడేవాళ్ళు బాగా పెరిగారు. గుండెకు, కిడ్నీకి మేలు చేసే మంచి మందులే. కానీ రోజుకు దాదాపు 70 గ్రాముల చక్కెర ఆ దారిన పోతుంటే శిలీంధ్రానికి అంతకంటే ఏం కావాలి? మాత్ర రాసేటప్పుడు ఈ ముక్క చెప్పాలి. చెప్పకపోవడం వల్ల యాభై, అరవై ఏళ్ళ ఆడవాళ్ళు ఎందుకొచ్చిందో తెలియని దురదతో, కొడుకులకు చెప్పుకోలేక కుమిలిపోతారు. మాత్ర సొంతంగా మానేయకండి. మూత్రానికి వెళ్ళిన ప్రతిసారీ నీళ్ళతో కడిగి పొడిగా తుడుచుకోండి, దురద మొదలైతే డాక్టర్‌కు చెప్పండి.

చెమట, దండెం, గజ్జల తామర

ఎండాకాలంలో విజయవాడ ఉక్కపోత గురించి ఇక్కడివాళ్ళకు చెప్పనక్కర్లేదు. లంగా, చీర, లోపల నైలాన్ డ్రాయరు, పైన వంటగది సెగ. సాయంత్రానికి గజ్జలు తడిసి ఒరిసిపోయి ఉంటాయి. నూలు లోదుస్తులు, చెమటకు తడిస్తే మధ్యాహ్నం ఒకసారి మార్చుకోవడం, రాత్రి వదులైన నైటీతో పడుకోవడం ఏ వాష్ కన్నా ఎక్కువ పనిచేస్తాయి.

మారుద్దామన్నా ఆరిన బట్ట ఉండాలి కదా. ఏ అపార్ట్‌మెంట్ బాల్కనీలోనైనా దండెం గమనించండి. మగవాళ్ళ బనియన్లు ముందు వరుసలో ఎండకు ఆరుతుంటాయి. ఆడవాళ్ళ లోదుస్తులు తడి చీర కిందో, తువ్వాలు చాటునో, బాత్రూమ్ తలుపు వెనకో ఉంటాయి. అక్కడ సగమే ఆరతాయి, ముక్క వాసన వేస్తాయి, మర్నాడు వాటినే వేసుకుంటారు. నెలసరి గుడ్డల గతీ ఇదే. గుడ్డ వాడటంలో తప్పేమీ లేదు, సబ్బుతో ఉతికి ఎండలో కరకరలాడేట్టు ఆరబెట్టగలిగితే. ఎవరు చూస్తారోనన్న భయం ఆ ఎండను దూరం చేస్తోంది. ఇంట్లో మగవాళ్ళు ఈ ఒక్క విషయంలో తల తిప్పుకోవడం మానేసి, బట్టలు వాళ్ళే ఆరేస్తే సగం సమస్య తీరుతుంది.

గజ్జల్లో గుండ్రంగా, అంచులు ఎర్రగా, దురదతో వచ్చే మచ్చ తామర. దీనికి షాపులో అడిగితే యాంటీఫంగల్, యాంటీబయాటిక్, స్టెరాయిడ్ అన్నీ కలిపిన ట్యూబు చేతికొచ్చే అవకాశం ఎక్కువ. రెండు రోజుల్లో దురద ఆగుతుంది. స్టెరాయిడ్ దురదను అణచిందే తప్ప శిలీంధ్రం లోపల పెరుగుతూనే ఉంటుంది, చర్మం పలచబడి చారలు పడతాయి, మచ్చ తొడలకు పాకుతుంది. 2018లో కేంద్రం చర్మానికి రాసే స్టెరాయిడ్లను చీటీ లేకుండా అమ్మకూడని జాబితాలో చేర్చింది. మామూలు మందులకు లొంగని కొత్త తామర శిలీంధ్రానికి 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినీ అని పేరు పెట్టారు. ఆ పేరులో మన దేశం ఉంది. చర్మవ్యాధుల డాక్టర్ దగ్గర వారాల తరబడి ఓపిగ్గా వాడితేనే ఇది తగ్గేది, ఇంట్లో అందరి తువ్వాళ్ళూ వేరు చేయాలి.

మిర్చి చేతులు, బిగపట్టుకున్న మూత్రం

గుంటూరు గురించి రాస్తూ మిర్చి యార్డు చుట్టుపక్కల గోదాముల్లో తొడిమలు తీసే ఆడవాళ్ళను వదిలేయలేను. సీజన్‌లో పొద్దుటినుంచి రాశుల మధ్య కూర్చుంటారు. తలకు గుడ్డ, ముక్కుకు అడ్డంగా కొంగు. వేళ్ళ సందుల్లో, గోళ్ళలో ఘాటు ఇంకిపోతుంది. కాలకృత్యాలకు వెళ్ళినప్పుడు ఆ చేత్తోనే కడుక్కోవాలి. ఆ మంట ఎలా ఉంటుందో ఆవకాయ కలిపిన చేత్తో కన్ను నలుపుకున్నవాళ్ళు ఊహించుకోవచ్చు, అక్కడి పొర కంటి పొరంత సున్నితం. మిరపలోని క్యాప్సైసిన్ నరాల చివరల్లోని వేడిని గుర్తించే గ్రాహకాన్ని తట్టి లేపుతుంది. ఆ గ్రాహకాన్ని కనిపెట్టినందుకే డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. క్యాప్సైసిన్ నీళ్ళలో కరగదు, అందుకే ఒట్టి నీళ్ళతో ఎంత కడిగినా వేళ్ళనుంచి పోదు. నూనెలో కరుగుతుంది. కాబట్టి వెళ్ళిరావడానికి ముందు చేతులకు కాస్త నూనె రుద్ది, తర్వాత సబ్బుతో కడుక్కోవాలి. వెళ్ళొచ్చాక కడుక్కోవడం అందరికీ చెబుతాం, వీళ్ళకు వెళ్ళే ముందు కడుక్కోవడం ముఖ్యం. గోదాము యజమాని ఒక నూనె సీసా, సబ్బు, గడియ ఉన్న మరుగుదొడ్డి, బకెట్ నీళ్ళు పెట్టడం ఎంత ఖర్చు?

ఆ మంటకు భయపడో, దొడ్డి లేకో నీళ్ళు తాగడం తగ్గిస్తే తర్వాతి జబ్బు మూత్రంలో ఇన్ఫెక్షన్. ఆడవాళ్ళ మూత్రనాళం సుమారు 4 సెంటీమీటర్లే, మలద్వారం దగ్గర ఉండే ఇ.కోలై (E. coli) అనే బ్యాక్టీరియా మూత్రాశయం చేరడానికి అది పెద్ద దూరం కాదు. తరచూ మూత్రం పోయడమే దాన్ని బయటికి నెట్టేది. ముందునుంచి వెనక్కి కడుక్కోమనేదీ ఇందుకే. కలయిక తర్వాత మూత్రానికి వెళ్ళడం మంచి అలవాటు. పదే పదే ఇన్ఫెక్షన్ వచ్చే, నీళ్ళు తక్కువ తాగే ఆడవాళ్ళతో 2018లో వెలువడ్డ ఒక అధ్యయనంలో, రోజుకు ఒకటిన్నర లీటర్ నీళ్ళు అదనంగా తాగినవాళ్ళకు ఏడాదిలో ఇన్ఫెక్షన్లు దాదాపు సగానికి తగ్గాయి. విజయవాడ బీసెంట్ రోడ్డులో, వన్‌టౌన్‌లో బట్టల షాపుల్లో పది గంటలు నిలబడే అమ్మాయిలకు ఈ సలహా ఇవ్వడం తేలికే. మూడు అంతస్తుల షాపులో వాళ్ళు వాడుకోదగ్గ బాత్రూమ్ లేకపోతే ఆ ఒకటిన్నర లీటర్ ఎలా తాగుతారు? పనిచోట కూర్చునే హక్కును కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టంలో రాసుకున్నాయి. బాత్రూమ్‌కు వెళ్ళే హక్కు కూడా అంత గట్టిగా అడగాల్సిందే.

2024 సెప్టెంబర్‌లో విజయవాడలో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఇళ్ళు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నప్పుడు పులిహోర పొట్లాలు, పాల ప్యాకెట్లు డ్రోన్ల మీద కూడా వచ్చాయి. తడిబట్టలతో, దొడ్డి మునిగిపోయి, నెలసరిలో ఉన్న ఆడవాళ్ళకు కావాల్సినవి వేరు. ప్యాడ్లు, పొడి లోదుస్తులు, ఒక మగ్గు, ఒక చాటు. వరద సాయం పంచేవాళ్ళ జాబితాలో బియ్యం పక్కనే ఇవి కూడా ఉండాలి.

ప్యాడ్ల మాట వచ్చింది కాబట్టి: మరక తక్కువగా ఉన్నా ఆరు గంటలకు మించి ఒకటే ఉంచుకోవద్దు. 2018 జులైలో వీటిమీద జీఎస్టీ ఎత్తేశారు, జన ఔషధి దుకాణాల్లో 2019నుంచి ఒక్కోటి రూపాయికే దొరుకుతోంది, 2021 అక్టోబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం స్వేచ్ఛ పేరుతో సర్కారు బడుల్లో 7 నుంచి 12 తరగతుల ఆడపిల్లలకు నెలకు పది ప్యాడ్లు ఇవ్వడం మొదలుపెట్టింది. మెన్‌స్ట్రువల్ కప్ 12 గంటల దాకా ఉంచుకోవచ్చు, వాడకానికి ముందూ తర్వాతా మరిగించి పెట్టుకుంటే ఏళ్ళ తరబడి వస్తుంది.

పుండు కాని పుండు

మళ్ళీ "గర్భసంచి మూతికి పుండు" దగ్గరకు వద్దాం. ఆ మూతి అంటే గర్భాశయ ముఖద్వారమే. దాని లోపలి పొర ఎర్రగా ఉంటుంది, బయటి పొర లేత గులాబీ రంగు. ఈస్ట్రోజన్ ఎక్కువగా ఉండే వయసులో, గర్భంతో ఉన్నప్పుడు, గర్భనిరోధక మాత్రలు వాడేటప్పుడు లోపలి పొర కొద్దిగా బయటికి తిరిగి కనిపిస్తుంది. చూడ్డానికి ఎర్రగా ఒరిసిపోయినట్టు ఉంటుంది, కొంచెం ఎక్కువ తడి ఊరుతుంది. డాక్టర్లు దీన్ని ఎరోజన్ అంటూ వచ్చారు, ఇప్పటి సరైన పేరు ఎక్ట్రోపియన్. ఇది పుండు కాదు, క్యాన్సర్‌గా మారదు, చాలామందికి వైద్యమే అక్కర్లేదు.

ముఖద్వారం క్యాన్సర్ మాత్రం నిజంగా భయపడాల్సిందే. 2022 అంచనాల ప్రకారం దేశంలో ఏడాదికి సుమారు 1.27 లక్షల మందికి కొత్తగా వస్తోంది, 80 వేల మంది దాకా చనిపోతున్నారు. దీనికి మూలం హెచ్‌పీవీ అనే వైరస్ ఏళ్ళ తరబడి తిష్ఠ వేయడం. కడుక్కోకపోవడం వల్ల వచ్చేది కాదు, కడుక్కుంటే పోయేదీ కాదు. టీకా ఉంది, పుణెలో సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన సెర్వావాక్ 2023లో విడుదలైంది. 9 నుంచి 14 ఏళ్ళ మధ్య వేయిస్తే ఎక్కువ రక్షణ. 30 దాటినవాళ్ళకు వీఐఏ అనే పరీక్ష ఉంది. వెనిగర్‌లో ఉండే ఆమ్లాన్నే పలచగా కలిపి దూదితో ముఖద్వారానికి అద్ది ఒక నిమిషం ఆగుతారు. తేడా ఉన్న చోటు తెల్లబడుతుంది. అక్కడే వైద్యం మొదలుపెట్టవచ్చు, గర్భసంచి కోయక్కర్లేదు. ప్రభుత్వ కార్యక్రమం ప్రకారం 30 నుంచి 65 ఏళ్ళ మధ్య ఐదేళ్ళకోసారి ఇది జరగాలి. 2019-21 సర్వేలో దేశంలో ఈ పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్న ఆడవాళ్ళు నూటికి ఇద్దరు కూడా లేరు. క్యాన్సర్ వస్తుందేమోనని గర్భసంచి తీయించుకున్న రాష్ట్రంలో, క్యాన్సర్ ఉందో లేదో చెప్పే నిమిషం పరీక్ష అందరికీ చేరకపోవడం నాకు మింగుడుపడదు.

అండాశయాలు కూడా తీసేస్తే ముట్లుడగడం ఆ రాత్రికే వచ్చేస్తుంది. ఉంచినా కొందరికి కొన్నేళ్ళు ముందుకు జరుగుతుంది. ఎముకలు గుల్లబారడం, గుండెజబ్బుల ముప్పు పెరగడం తర్వాతి సంగతులు. ముందుగా తెలిసేది పొడిబారడం. ఈస్ట్రోజన్ పోయాక యోని పొర పలచబడుతుంది, పులుపు తగ్గుతుంది, మంట, కలయికలో నొప్పి, మాటిమాటికీ మూత్రంలో ఇన్ఫెక్షన్. యాభై దాటిన అమ్మలు "ఈ వయసులో ఇంకేం అడుగుతాం" అని ఊరుకుంటారు. డాక్టర్ రాసిచ్చే ఈస్ట్రోజన్ క్రీమ్ కొద్ది మోతాదులో అక్కడే రాసుకుంటే చాలామందికి ఉపశమనం ఉంటుంది. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్ళు మాత్రం ఆ సంగతి ముందే చెప్పాలి.

అనవసరంగా గర్భసంచులు తీయడం మీద వేసిన వ్యాజ్యంలో 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, కేంద్రం రాసిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయమని రాష్ట్రాలను ఆదేశించింది. కోర్టు తీర్పు ఓపీ గదిలోకి నడిచి రాదు కాబట్టి అడగాల్సిన మాటలు మనకే తెలిసి ఉండాలి. జబ్బు పేరు ఏమిటి, కాగితం మీద రాసివ్వండి. పాప్ స్మియర్ (ముఖద్వారం కణాల పరీక్ష) గానీ బయాప్సీ (చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) గానీ చేశారా, రిపోర్టు ఏది? మందులతో, గర్భసంచిలో పెట్టే హార్మోన్ లూప్‌తో తగ్గే అవకాశం లేదా? అండాశయాలు ఉంచుతారా తీస్తారా? ఇవి తీసుకుని గుంటూరు జీజీహెచ్ (ప్రభుత్వ సర్వజనాసుపత్రి)కో విజయవాడ ప్రభుత్వాసుపత్రికో వెళ్ళి రెండో అభిప్రాయం తీసుకోండి. తెల్లబట్ట వల్ల ఏ ఆపరేషనూ రేపటికల్లా చేయాల్సిన అత్యవసరం కాదు.

తొందరపడాల్సినవి వేరే ఉన్నాయి. పొత్తికడుపు నొప్పితో పాటు జ్వరం, దుర్వాసన ఉన్న తెల్లబట్ట. కలయిక తర్వాత రక్తం. గర్భిణికి ఉమ్మనీరులా పలచగా ధారగా కారడం. వెన్నుపక్కన నొప్పి, చలిజ్వరంతో మూత్రంలో మంట. ఇక, నెలసరి పూర్తిగా ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క రక్తం కనిపించినా, మళ్ళీ వస్తుందేమో చూద్దామని ఆగకుండా, ఆ వారంలోనే స్కానింగ్‌కు వెళ్ళాలి. చాలామందికి కారణం పొర పలచబడటమే అయినా, గర్భసంచి లోపలి పొర క్యాన్సర్ మొదట కనిపించేదీ అలాగే. తొలిదశలో దొరికితే నయమవుతుంది, అప్పుడు ఆపరేషన్ అవసరమే, చేయించుకోవాలి.